గుళికలపై సుంకము: రక్షణ మెవ్వరికి?

విదేశపు సరకు చవుకగా వచ్చి మన రేవులలో దిగినప్పుడెల్ల "డంపింగు, డంపింగు" అని ఢిల్లీలో మొరపెట్టుకొనుట మన పెద్ద కర్మాగారములవారికి పరిపాటియైనది. ఆ మొరలన్నియు బూటకములని మేమనము. కాని 1995లో ప్రపంచ వాణిజ్యసంస్థ ఏర్పడినది మొదలు మనదేశము వేయికి పైబడిన డంపింగు విచారణలను ప్రారంభించినది. ఈ సంఖ్యలో మనలను మించిన దేశము మరియొకటి లేదు. ఇన్ని విచారణలు జరిగినను, సుంకము పడిన పిదప దాని బరువెవరి వీపుపై వాలినది, లాభమెవరి పెట్టెలో చేరినది అను ప్రశ్నను మన పట్టణములలోని ఆలోచనాపరులు తగినంతగా విచారించుట లేదు. సుంకమనగానే స్వదేశీ యనియు, సుంకము వలదన్నవాడు పరదేశి పక్షపాతి యనియు తలచు అలవాటు మనలో నాటుకొనిపోయినది. ఆ అలవాటెంత ప్రమాదకరమో ప్లాస్టికు సీసాలు, సంచులు, ఫిల్ముల విషయమున స్పష్టముగా కానవచ్చుచున్నది.

ముందుగా పేరుకు అర్థము చెప్పుకొనవలెను. చవుకగా అమ్ముట డంపింగు కాదు. ఒక దేశపు వర్తకుడు తన యింట ఏ ధరకు అమ్ముచున్నాడో అంతకన్న తక్కువ ధరకు పరదేశమునకు ఎగుమతి చేసినచో అది డంపింగు. వాని దేశమున టన్ను 1000 డాలర్లకు అమ్ముడుపోవు సరకును మనకు 850 డాలర్లకు పంపెననుకొందము. ఆ 150 డాలర్లు డంపింగు అంతరము. వాని కర్మాగారము మనదానికన్న పెద్దదై, వాని విద్యుత్తు మనదానికన్న చవుకయై, తన యింటను 850 డాలర్లకే అమ్ముకొనుచున్నచో అది కేవలము పోటీ. దానిని శాసనము తప్పుపట్టదు. 1975 నాటి కస్టమ్సు టారిఫ్ శాసనములోని 9ఎ సెక్షనును, దానిననుసరించి 1995లో చేసిన నియమములును చెప్పునది ఇదియే. డంపింగు జరిగినట్లును, దేశీయ పరిశ్రమకు గణనీయమైన హాని కలిగినట్లు గాని కలుగనున్నట్లు గాని, ఆ హానికి ఆ డంపింగే కారణమైనట్లును రుజువు కావలెను. సుంకము అయిదేండ్లకు ముగియవలెను. అయితే గడువు తీరునప్పుడు పునర్విచారణ జరిపి మరల పొడిగించుటకు వీలు కల్పింపబడియున్నది. ఈ చిన్న వీలులోనుండి పెద్ద బండ్లు పోవుచున్నవి.

ఆయుధము పాతదే. అమెరికా ఉక్కు తన అంగళ్లపై వచ్చి పడుచున్నదని కెనడా 1904లో మొట్టమొదట ఇట్టి శాసనము చేసెను. 1921లో అమెరికాయు బ్రిటనును ఆ త్రోవనే నడచినవి. మన దేశమున 1933లో పరిశ్రమల సంరక్షణ శాసనము పుట్టెను. జపాను సరకు అసాధారణమైన తక్కువ ధరలకు వచ్చుచున్నదన్నది దానికి కారణము. ఆ సంవత్సరమే బ్రిటిషేతర నూలుబట్టలపై సుంకము నూటికి 75కు పెరిగెను. లాంకషైరు బట్టపై మాత్రము 25 వద్దనే నిలిచెను. జపాను నుండి మనలను కాపాడుటకని కట్టిన ఆ గోడకు లాంకషైరు వైపున తలుపు తెరచియుండెను. రక్షణ యను మాట వినబడగానే "ఎవ్వరికి?" అని అడుగవలసిన అవసరమును మన పెద్దలకు నేర్పినవి అట్టి తలుపులే.

స్వతంత్ర భారతమున 1982లో టారిఫ్ శాసనమునకు జరిగిన సవరణతో ఈ అధికారము చేరెను. పదేండ్లపాటు అది ఒరలోని కత్తివలె నుండెను. తుదకు 1990 దశకపు మొదటి యేండ్లలో దానిని ప్రయోగించినప్పుడు, మొట్టమొదటి విచారణ బ్రెజిలు, మెక్సికో, దక్షిణ కొరియా, అమెరికాలనుండి వచ్చు పి.వి.సి. అను ప్లాస్టికు ముడిసరకుపైననే జరిగినది. మన డంపింగు చరిత్ర ప్లాస్టికు గుండతోనే మొదలైనదన్నమాట.

2006లో సర్వోన్నత న్యాయస్థానము రిలయన్సు ఇండస్ట్రీసువారి అప్పీలులో తీర్పు చెప్పుచు, ఈ శాసనపు ఉద్దేశమును వివరించుటకై బ్రిటిషు పాలనలో మన చేతిపరిశ్రమలు నాశనమైన కథను జ్ఞప్తికి తెచ్చినది. ఆ స్మరణ తగినదే. మన మిల్లుబట్టపైననే 1896లో నూటికి మూడున్నర వంతున ఎక్సైజు సుంకము వేసి లాంకషైరును తృప్తిపరచిన ప్రభుత్వమును, ఆ అన్యాయము తొలగుటకు 1925 డిసెంబరు వరకు వేచియుండవలసి వచ్చిన సంగతిని ఎవరు మరతురు? అయితే ఆ కథలో సామాన్యముగా ఎవరును చదువని మరియొక పుట గలదు. 1927లో దిగుమతి నూలుపై పౌనుకు ఒకటిన్నర అణా వంతున కనీస సుంకము విధింపబడినది. నూలుమిల్లుల యజమానులకు అది రక్షణ. చీరాలలో, మంగళగిరిలో మగ్గపు గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న నేతగానికి నూలు అమ్ముకొను సరకు కాదు, కొనుక్కొను సరకు. కావున అతనికది ధరపెంపు. సుంకము స్వదేశియే, మిల్లు స్వదేశియే, మగ్గమును స్వదేశియే. ఒక స్వదేశి మరియొక స్వదేశి కంచములో చేయిపెట్టినప్పుడు జెండా ఎవరి ప్రక్కన నిలువవలెను? ప్లాస్టికు విషయమున నేడు మన ముందున్న ప్రశ్న సరిగా ఇదియే.

పెట్ అను ప్లాస్టికును తీసికొందము. మంచినీళ్ల సీసాలు, నూనె సీసాలు, మందు సీసాలలో అనేకములు దీనితో చేయబడుచున్నవి. చమురునుండి లభించు పారాజైలీనుతో పి.టి.ఏ. అను తెల్లని పొడిని తయారుచేయుదురు. కిలో పెట్‌కు సుమారు 860 గ్రాముల పి.టి.ఏ., 340 గ్రాముల గ్లైకాలు పట్టును. ఆ రెంటిని కలిపి వండి, పుట్టిన నీటిని తీసివేసి, మిగిలినదానిని గుళికలుగా కత్తిరింతురు. ఆ గుళికలను చిన్న కర్మశాలలవారు కొని, కరగించి, పరీక్షనాళికవంటి ప్రీఫారములుగా పోయుదురు. ప్రీఫారమును మరల వేడిచేసి అచ్చులో నిలిపి గాలి ఊదినచో సీసా యగును. ఈ గొలుసు పైకొసను దేశమంతటికిని వ్రేళ్లపై లెక్కింపదగిన కంపెనీలున్నవి. క్రిందికొసను వేలకొలది కర్మశాలలు గలవు; హైదరాబాదులో కాటేదాను, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడలకు పోయినవారు ప్లాస్టికు పనిచేయు ఇట్టి షెడ్లను చూచియేయుందురు. పైనున్నవానికి సముద్రతీరమున మహాకర్మాగారము. క్రిందనున్నవానికి రేకుల కప్పు, బ్యాంకు అప్పుతో కొన్న రెండు మూడు యంత్రములు, పదిపదునైదుగురు పనివారు.

ఇందొక విశేషమును గమనింపవలెను. ఖాళీ సీసాను ఓడలో వేసి తెచ్చుట గాలికి కిరాయి చెల్లించుటయే గనుక దానికెవరును పూనుకొనరు. సముద్రముమీద నుండి వచ్చునవి గుళికలు, ఫిల్ము చుట్టలు, మడిచి కట్టలు కట్టిన సంచులు. దిగుమతి ప్లాస్టికు ప్యాకింగుపై సుంకమని పత్రికలలో చదువునప్పుడు పరదేశపు సీసా కన్నులముందు నిలుచును. నిజమునకు సుంకము పడునది చాలవరకు మన సీసా చేయువాని ముడిసరకుపైన.

ఇక జరిగిన సంగతి వినుడు. పి.టి.ఏ. పై కొన్నియేండ్లుగా నుండిన డంపింగు సుంకమును 2020 ఫిబ్రవరి 1వ తేదీ బడ్జెటులో ఆర్థికమంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ విస్తృత ప్రజాప్రయోజనము పేర రద్దుచేసిరి. పి.టి.ఏ. కీలకమైన ముడిసరకనియు, అది పోటీధరకు దొరకినగాని దానిపై ఆధారపడిన వస్త్రపరిశ్రమ నిలువలేదనియు చెప్పిన కారణము ఎంతయు సమంజసము. పదునాలుగు నెలలైన పిదప, 2021 మార్చిలో, ఆ పి.టి.ఏ. తోనే చేయు పెట్ గుళికలు చైనానుండి వచ్చినచో అయిదేండ్లపాటు డంపింగు సుంకము చెల్లింపవలెనని ప్రకటన వెలువడినది. కొందరు ఎగుమతిదారుల సరకుకు టన్నుకు 15 డాలర్ల చిల్లర. తక్కినవారికి ఎక్కువలో నెక్కువ 200 డాలర్లు. ముడిసరకుపై సుంకముండరాదన్న వాదము పి.టి.ఏ. కొనువారి నోట చెల్లినది, గుళికలు కొనువాని నోట చెల్లలేదు. పి.టి.ఏ. కొనువారు పాలియెస్టరు మిల్లులు, పెట్ కర్మాగారములు. వారి మాట రాజధానిలో వినబడును. గుళికలు కొనువాడు కాటేదానులో నున్నాడు.

టన్నుకు 200 డాలర్లన్నచో అప్పటి మారకపు రేటున 14,500 రూపాయలకు దాపు. ఇరువది గ్రాముల సీసాకు ముప్పదిపైసలకు లోబడి. "ముప్పదిపైసలకా ఇంత రభస?" అని కొందరు నవ్వవచ్చును. నీళ్లు త్రాగువానికి అది లెక్కలోనిది కాదు, నిజమే. కాని సీసా చేయువాని బ్రతుకంతయు ఆ పైసలలోనే యున్నది. అతని సరకు కొనునది పెద్ద పానీయముల కంపెనీ, నూనె కంపెనీ. ధర వారే నిర్ణయింతురు. గుళికధర పెరిగినదని చెప్పి సీసాధర పెంచుమన్నచో ప్రక్క షెడ్డువానిని చూపుదురు. పైగా ఈ సుంకము జి.ఎస్.టి. వలె తిరిగి జమకట్టుకొనదగినది కాదు. అది ఖర్చులో కలిసిపోవును. సుంకముతో కలిపిన విలువపై జి.ఎస్.టి.ని రేవులోనే ముందుగా చెల్లింపవలెను. దానికి పెట్టుబడి కావలెను. ఆ పెట్టుబడికి వడ్డీ కావలెను. చైనా గుళిక కొనకుండ దేశీయుని గుళికయే కొన్నచో తప్పునుగదా యందురేమో. దేశీయుడు తన ధరను దిగుమతిధరతో సరిచూచుకొని నిర్ణయించును. రేవులో ధర పెరిగినచో కర్మాగారపు ద్వారమువద్దను పెరుగును. రేవులో వసూలైన సుంకము ఖజానాకు చేరును. ద్వారమువద్ద పెరిగిన ధర ఖజానాకు చేరదు. ఆ రెండవది ఎంతయో ఏ గెజిటులోను కానరాదు.

కొరియానుండి గాని మరియొక దేశమునుండి గాని తెప్పించుకొనవచ్చునన్న సమాధానము కొంతవరకు నిజము. అట్లయినచో దేశీయునికి కలిగిన రక్షణ యేది? మరియొక చిక్కు గలదు. సుంకము చైనా గుళికపైన. ఆ గుళికతోనే మరియొక దేశమున తయారైన సీసామూతకు గాని సంచికి గాని ఆ సుంకము వర్తింపదు. ఆసియాను దేశములతో మనకు 2010నుండి సుంకముల తగ్గింపు ఒడంబడిక అమలులో నున్నది. ముడిసరకు ద్వారమున కావలివానిని నిలిపి, తయారైన సరకుకు పెరటిత్రోవ విడిచినచో దెబ్బ తగులునది ఇక్కడి పనివానికే.

ఇప్పుడు లెక్కవేయు విధమును చూతము. న్యాయవాదవృత్తిలో నున్నవారు ఈ దస్త్రములను చదివినచో ఆశ్చర్యపడక మానరు. చైనాలో బేరము స్వేచ్ఛగా సాగదని భావించి, అక్కడి ధరను మన విచారణాధికారి సామాన్యముగా ప్రమాణముగా గైకొనడు. ఆ ధరకు బదులుగా వేరొక ఆధారమున ధరను కట్టవలెను. నియమములు అంగీకరించు ఆధారములలో మనదేశమున చెల్లించు ధరయు నొకటి. ఆచారమున మన దేశీయ కర్మాగారపు ఖర్చుకు కొంత లాభము చేర్చి, అదియే చైనావాని యింటి ధర యని కట్టుట పెక్కు తీర్పులలో కానవచ్చును. అప్పుడు డంపింగు అంతరమనగా నేమి? వాడు తన యింట ఎంతకు అమ్మెను, మనకెంతకు పంపెను అనుదాని నడిమి తేడా కాదు. మన ఖర్చుకును వాని ధరకును నడిమి తేడా. మనవాడు ఎంత అసమర్థుడైన వాడంత డంపింగుచేసినవా డగును!

రెండవ లెక్క హానికి సంబంధించినది. దేశీయునికి హాని కలుగకుండవలెనన్నచో ఎంత ధర రావలెను అనుదానిని కట్టునప్పుడు, అతడు వినియోగించిన మూలధనముపై నూటికి 22 వంతున రాబడిని చేర్చు ఆచారము చిరకాలముగా సాగుచున్నది. ఈ రెండు అంతరములలో ఏది తక్కువయో అంతమాత్రమే సుంకము వేయుదురు. ఇది మన పద్ధతిలోని మంచి గుణము, అమెరికాలో ఇదియు లేదు. కాని నూటికి 22! చిన్న కర్మశాలవాడు నూటికి పదిపన్నెండు వంతున బ్యాంకుకు వడ్డీ కట్టుచు, తనకు ఆరేడు మిగిలినచో ఆ సంవత్సరము మంచిదనుకొనును. అతని ముడిసరకు అమ్మువానికి మాత్రము నూటికి 22 రానిచో "హాని" యని శాసనమార్గమున లెక్క.

అంకెలు చూచి ఆక్షేపింతమన్నచో అవియు కానరావు. వ్యాపార రహస్యముల పేర ఫిర్యాదుదారుల ఖర్చులు, లాభములు మూసిన కవరులో పోవును. ఎదుటిపక్షమునకు దొరకు ప్రతిలో నిజమైన సంఖ్యలకు మారుగా మొదటి సంవత్సరమును 100గా తీసికొని కట్టిన సూచికలుండును. అడిగినంతమాత్రమున దేనినైనను రహస్యముగా భావింపరాదని న్యాయస్థానములు హెచ్చరించుచునేయున్నవి. అయినను అలవాటు వదలలేదు.

ఫిర్యాదు చేయుటకు అర్హత యెవరికి? దేశీయ ఉత్పత్తిలో నాలుగవవంతుకు తక్కువకాని భాగము గలవారు మద్దతు నీయవలెను. అభిప్రాయము చెప్పినవారిలో సగమునకు పైబడిన ఉత్పత్తి వారిదై యుండవలెను. ముగ్గురు నలుగురు చేతులలో పరిశ్రమ యంతయు నున్నచోట ఇది ఒక మధ్యాహ్నపు సమావేశముతో తీరిపోవును. వేలమంది వినియోగదారులు ఏకము కావలెనన్నచో ఎన్ని మధ్యాహ్నములు కావలెనో పాఠకులే ఊహింతురుగాక. పారిశ్రామిక వినియోగదారులకు తమ మాట చెప్పుకొను అవకాశము 1995 నియమములలోనే గలదు. కాని వారి మాట దేనికి? డంపింగు జరిగినదా, హాని కలిగినదా అను విషయములకు మాత్రమే అది సాక్ష్యము. తమకు కలుగు హాని ఆ త్రాసులో ఏ తట్టలోను పడదు. ఇటీవలి సంవత్సరములలో విచారణాధికారి "ఆర్థిక ప్రయోజన ప్రశ్నావళి" అని ఒకదానిని పంపి వినియోగదారుల స్థితిని గూడ తెలిసికొనుచున్నాడు. మంచి పని. అయితే అధికారి దయవలన వచ్చినది వేరు, శాసనము వలన వచ్చిన హక్కు వేరు. ఐరోపా సమాఖ్యలో వినియోగదారులతో సహా అందరి ప్రయోజనమును తూచి, సుంకము సమాఖ్యకు మేలుకాదని తేలినచో విధింపకుండుటకు శాసనములోనే చోటున్నది. కెనడాలో ప్రజాప్రయోజన విచారణ జరిపి సుంకమును తగ్గింపుమని సిఫారసుచేయు మార్గము గలదు. ఈ ఆయుధమును మొదట పట్టిన దేశమే దాని అంచును మొద్దుచేయు ఉపాయమును గూడ కనిపెట్టుకొన్నది.

అన్యదేశముల అనుభవము సంచుల విషయమున మరియు విశదము. ప్లాస్టికు సంచులపై అమెరికా 2004లో చైనా, మలేషియా, థాయిలాండు దేశములకు డంపింగు సుంకము విధించినది. ఆరేండ్లు గడచునప్పటికి ఇండొనేషియా, తైవాను, వియత్నాములపై అదే సుంకము విధింపవలసి వచ్చినది. ఒక కన్నమును పూడ్చినచో నీరు ప్రక్క కన్నమున వచ్చినది. తరువాత పెక్కు రాష్ట్రములలో ప్లాస్టికు సంచులు నిషేధింపబడి కాగితపు సంచులు వ్యాప్తిలోనికి రాగా, 2024లో కాగితపు సంచులపైనను అట్టి సుంకము వచ్చినది. ఆ దేశముల పట్టికలో చైనాతోపాటు భారతదేశమును గలదు. మన పెట్ గుళికలపై ఐరోపావారు 2000లోను, మన పెట్ ఫిల్ముపై అమెరికావారు 2002లోను సుంకములు వేసియుండిరి. ఇక్కడ మనము ఫిర్యాదిదారులము, అక్కడ ముద్దాయిలము. రెండుచోట్లను ఒకే నీతి మాట్లాడగలుగుట మన గౌరవమునకు మంచిది.

ఇంత చెప్పినంతమాత్రమున ద్వారములన్నియు తెరచివేయుమని మేము కోరుట లేదు. చైనాలో తమ అవసరమునకు మించి నిర్మించిన కర్మాగారములు గలవు. మిగిలిన సరకును ఎక్కడనో ఒకచోట కుమ్మరింపక వారికి గడవదు. ఆ వరదకు దేశీయ కర్మాగారము మూతపడినచో తరువాత ధర వారిచేతిలో నుండును. ఇది ఉత్తభయము కాదు. పెనిసిలిన్-జి అను మూలమందు ఒకప్పుడు మనదేశమున తయారగుచుండెను. చైనా చవుకధరకు ఆ కర్మాగారములు ఒక్కొక్కటిగా మూతబడినవి. మన రోగుల ప్రాణములు పరదేశపు ఓడలపై ఆధారపడినవి. తిరిగి దానిని ఇక్కడ తయారుచేయుటకు ప్రభుత్వము ప్రోత్సాహకధనము ప్రకటింపవలసి వచ్చెను. 2024లో కాకినాడ ప్రాంతమున ఆ పని మరల ఆరంభమైనది. పోగొట్టుకొన్న పరిశ్రమను మరల నిలుపుటకు ఎంత వ్యయమో, ఎంత కాలమో దీనిని చూచినవారికి తెలియును. కావున సకాలమున పడిన సుంకము దేశమునకు ఔషధమే కావచ్చును. ఔషధమునకు మోతాదును, గడువును ఉండవలెను, అది ఎవరి కడుపులో పడుచున్నదో వైద్యునికి తెలిసియుండవలెను.

ప్లాస్టికు విషపదార్థము, దాని ధర పెరుగుటయే మేలు అను వాదము మన పట్టణములలో పెద్దమనుష్యుల నోట వినబడుచున్నది. కాలువలలో, ఆవుల కడుపులలో చేరుచున్న సంచులను చూచి ఎవరికైనను ఆవేదన కలుగును. ఆ రోగమునకు వేరు చికిత్స జరుగుచున్నది: 2022 జూలై 1నుండి ఒక్కసారి వాడి పారవేయు కొన్ని వస్తువులు నిషేధింపబడినవి, ఆ సంవత్సరాంతమునుండి చేతిసంచి మందము 120 మైక్రానులకు తక్కువ యుండరాదన్నారు. డంపింగు సుంకము ఒక్క సంచిని గూడ తగ్గింపదు. చైనా గుళికకు మారుగా స్వదేశపు గుళికతో అదే సంచి తయారగును, ఆవు కడుపులో అదే విధముగా చేరును.

సుంకమొక్కటియే గోడ కాదన్న సంగతిని గూడ జ్ఞప్తియందుంచుకొనవలెను. నాణ్యతా నియంత్రణపు ఉత్తరువుల పేర, ముద్రలేని సరకు దిగరాదని ఆజ్ఞాపించి, ఆ ముద్రను పరదేశపు కర్మాగారములకు ఆలస్యముగా ఇచ్చుటయు ఒక సుంకమే. 2025 నవంబరులో ప్రభుత్వము పెట్రోరసాయనములలోను, పాలియెస్టరు సరకులలోను పెక్కింటిపై ఇట్టి ఉత్తరువులను రద్దుగావించినది. చిన్న పరిశ్రమలవారి మొర ఒక్కొక్కప్పుడు వినబడునని దీనివలన తేలుచున్నది.

కావలసినది శాసనసవరణ. విచారణాధికారి ఫిర్యాదుదారునికి కలిగిన హానితోపాటు, సుంకము వలన వినియోగదారులకు కలుగు హానిని గూడ లెక్కకట్టి తన నివేదికలో ప్రకటించి తీరవలెనని 9ఎ సెక్షనులోనే చేర్చవలెను. ముడిసరకుపై విధించు సుంకము, టన్నుకు ఇంతయని స్థిరముగా కాక, ఒక ప్రమాణధరను నిర్ణయించి, దిగుమతిధర దానికి చేరినప్పుడు సుంకము దానంతటదియే శూన్యమగునట్లుండవలెను. ఇట్టి పద్ధతి మన అధికారులకు క్రొత్తది కాదు, పెక్కు సరకులపై పూర్వము వాడినదే. అయిదేండ్లు గడచిన పిమ్మట పొడిగింపు కోరువాడు ఆ అయిదేండ్లలో తన కర్మాగారమును ఎంత విస్తరించెనో, ఖర్చునెంత తగ్గించెనో చూపవలెను. చూపలేనివానికి పొడిగింపు రక్షణ కాదు, పింఛను. ఇక సిఫారసు అందిన మూడుమాసములలో సుంకము విధించుటయో మానుటయో ఆర్థికశాఖ చేతిలోనున్న పని. 2020 తరువాత పెక్కు సిఫారసులను ఆ శాఖ అంగీకరింపక విడిచినది. విడిచిన కారణము ప్రజలకు చెప్పలేదు. అంగీకరించినప్పుడును చెప్పుట లేదు. రెండుచోట్లను కారణములు వ్రాతమూలముగా వెలువడవలెను. లేనిచో ఎవరు ఎవరిని కలిసిరను గుసగుసలకే విధానమును విడిచిపెట్టినట్లగును.

సవరణ వచ్చువరకు మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. విచారణారంభపు ప్రకటన గెజిటులో వెలువడిన పిదప సమాధానమునకు సామాన్యముగా ముప్పదిదినముల గడువుండును. ఆ ప్రకటనను ఏ కాటేదాను కర్మశాలవాడును చదువడు. విజయవాడలోని సీసాల తయారీదారుడును చదువడు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలోని వాణిజ్యమండలులు ఒక్కొక్క యువన్యాయవాదిని ఇందుకై నియమించి, ప్రకటన సారాంశమును తెలుగున అచ్చువేసి పారిశ్రామికవాడలలో పంచవలెను. ప్రశ్నావళిని అందరిపక్షమున పూరించి పంపవలెను. మౌఖికవిచారణలో చెప్పిన మాట తరువాత వ్రాతమూలముగా దాఖలు చేసినగాని లెక్కకు రాదని నియమము. ఢిల్లీకి పోయి ధాటిగా మాటలాడి తిరిగివచ్చి, కాగితము పంపుట మరచినచో ఆ ప్రయాణము వ్యర్థము. ఫిర్యాదిపక్షపు కాగితము మాత్రము ఏనాడును ఆలస్యముగా చేరదు.